నాలుగేళ్ళకు గానీ ఈడుకు రాని కప్ప

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో స్నోయీ పర్వతాలున్నాయి. అక్కడ 1,300 మీటర్లకు పైన మాత్రమే బతికే ఒక చిన్న కప్ప పేరు సదరన్ కొరాబొరీ. మూడు సెంటీమీటర్లకు మించదు. నల్లటి ఒంటి మీద గాఢమైన పసుపు చారలు. దాక్కోవడానికి ఏమాత్రం పనికిరాని వేషం, అయినా దానికి దాక్కునే అవసరం పెద్దగా లేదు. చర్మంలో విషం ఉంది. విషపు కప్పలు చాలావరకు తినే పురుగుల నుంచే విషం కూడబెట్టుకుంటాయి. ఇది మాత్రం ఒక రకం విషాన్ని సొంతంగా తన ఒంట్లోనే తయారుచేసుకుంటుంది.

మన చెరువు కప్పలు వేలకొద్దీ గుడ్లు పెట్టి తమ దారిన పోతాయి. కొరాబొరీ తీరు వేరు. అక్కడ జనవరి, ఫిబ్రవరి ఎండాకాలం. అప్పుడు మగకప్ప నీటిగుంటల పక్కన, స్ఫాగ్నమ్ అనే మెత్తటి నాచులో గూడు చేసుకుని లోపలి నుంచే అరుస్తుంది. ఆడకప్ప వచ్చి పెట్టే గుడ్లు నలభై కూడా ఉండవు. గుడ్డులో పిల్ల కొంతవరకు ఎదిగి ఆగిపోతుంది. వానలు పడి గూడు మునిగేదాకా అలాగే ఉంటుంది. నీళ్ళు చేరాక బయటికొచ్చి, చలికాలమంతా మంచు కప్పిన గుంటల్లో తోకకప్పగా గడిపి, మళ్ళీ ఎండలొచ్చే వేళకు కప్పవుతుంది. గుడ్లు పెట్టే ఈడు రావాలంటే మాత్రం నాలుగేళ్ళు పడుతుంది.

పెద్దయ్యాక చావులు తక్కువగా ఉన్నంతకాలం ఈ నిదానం బాగానే సాగింది. 1980ల నుంచి కప్పలు వేగంగా తగ్గిపోయాయి. కారణం కైట్రిడ్ అనే ఫంగస్. దాన్ని శాస్త్రవేత్తలు 1998లో గానీ గుర్తించలేదు. కప్ప నీటినీ లవణాలనూ చర్మం ద్వారానే తీసుకుంటుంది. ఫంగస్ ఆ చర్మాన్నే పట్టుకుంటుంది. ఒంట్లో సోడియం, పొటాషియం పడిపోయి చివరికి గుండె ఆగిపోతుంది.

మామూలుగా రోగం వచ్చే జీవులు అరుదైతే రోగం కూడా సన్నగిల్లాలి. ఇక్కడ అలా జరగలేదు. అవే గుంటల్లో ఫ్రాగ్లెట్ అనే మరో చిన్న కప్ప ఉంది. దానికీ ఫంగస్ సోకుతుంది, కానీ పెద్దగా చావవు. అవి ఉన్నంతకాలం నీటిలో ఫంగస్ ఉంటుంది. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. సిడ్నీలోని టరోంగా జూ, మెల్‌బోర్న్ జూ ఎన్ని పిల్లల్ని పెంచినా, వదలాల్సింది మళ్ళీ ఆ నీటిలోకే.

అందుకే ఆ పర్వతాల్లోనే ఉన్న కొజియస్కో నేషనల్ పార్కులో ఫ్రాగ్లెట్లు చొరబడకుండా కంచె ఆవరణలు కట్టి, వాటిలో కొరాబొరీలను ఉంచారు. 2019-20 కార్చిచ్చులో వాటిలో కొన్ని కాలాయి, కప్పలూ పోయాయి. అది చాలదన్నట్టు, యూరోపియన్లు తెచ్చిన గుర్రాల సంతతి అడవిలో గుంపులుగా తిరుగుతూ ఆ నాచునేలను తొక్కి పాడుచేస్తోంది. ఆ గుర్రాలను వారసత్వ సంపదగా కాపాడాలని 2018లో చట్టం కూడా చేశారు! 2023లో గానీ హెలికాప్టర్ల నుంచి కాల్చి వాటి సంఖ్య తగ్గించడానికి ప్రభుత్వం ఒప్పుకోలేదు.

ఇప్పుడు ఫంగస్‌ను తట్టుకునే జన్యువుల కోసం పరిశోధకులు వెతుకుతున్నారు. దొరికితే ఆ గుణమున్న కప్పలను ఎంచి పెంచవచ్చు. కానీ తరానికి నాలుగేళ్ళు పట్టే జీవిలో పది తరాలు గడవాలంటే నలభై ఏళ్ళు కావాలి. అడవిలో మిగిలినవి చూస్తే వందలోపే.