రీట్ డివిడెండ్ మీద పన్ను ఉన్నట్టా, లేనట్టా? ఈ గజిబిజి ఎక్కడ మొదలైంది

గుంటూరు బ్రాడీపేటలో ఉండే మా బాబాయి రిటైరైనప్పుడు వచ్చిన డబ్బులో కొంత రీట్ యూనిట్లలో, అంటే రియల్ ఎస్టేట్ ఇన్వెస్ట్‌మెంట్ ట్రస్టులో పెట్టారు. ఆఫీసు బిల్డింగుల లాంటి వాటి మీద వచ్చే అద్దెని యూనిట్లు కొన్నవాళ్లకి పంచేదే ఈ ట్రస్టు. మన వైపు నాలుగు డబ్బులు మిగిలితే స్థలం కొనడమే అలవాటు. అమరావతి చుట్టుపక్కల ప్లాటు కొని ఏళ్ల తరబడి ఎదురు చూసినవాళ్లు మా ఇంట్లోనే ఉన్నారు, అందుకే ఈసారి ఆయన అద్దె చేతికొచ్చే దారి చూసుకున్నారు. మూడు నెలలకోసారి డబ్బు పడుతోంది, అంతవరకు బాగానే ఉంది. చిక్కంతా ఇన్‌కమ్ ట్యాక్స్ రిటర్న్ దగ్గర వచ్చింది. రిటర్న్ వేసిపెట్టిన మనిషి ఖాతాలో పడిన మొత్తాన్నీ డివిడెండ్ కింద చూపించేశాడు, 20 శాతం శ్లాబులో ఉన్న బాబాయి కట్టక్కర్లేని పన్ను కట్టారు. నాకు చాలా బాధేసింది. కానీ తప్పంతా ఆ మనిషిదే అనలేను, ఎందుకంటే ఈ పన్ను మొదటి నుంచీ అతుకులు వేసుకుంటూ వచ్చిందే.

అమెరికాలో రీట్ చట్టం 1960లోనే వచ్చింది. మన దగ్గర స్టాక్ మార్కెట్ల నియంత్రణ సంస్థ సెబీ 2007లో ముసాయిదా తెచ్చి పక్కన పెట్టేసింది, చివరికి 2014 సెప్టెంబర్‌లో నిబంధనలు వచ్చాయి. ఆ ఏడాది బడ్జెట్లోనే అరుణ్ జైట్లీ వీటికి పన్ను విధానం పెట్టారు. అనుకున్నది సులువైన సూత్రమే: ట్రస్టు మధ్యలో ఒక గొట్టం లాంటిది, ఆదాయం దాని గుండా యూనిట్ కొన్నవాడికి చేరాలి, పన్ను ఒక్కచోటే పడాలి.

ఆచరణలో అలా జరగలేదు. బిల్డింగులు ఎక్కువగా ట్రస్టు పేరు మీద ఉండవు, దాని కింద బిల్డింగుల కోసమే విడిగా పెట్టిన ఎస్‌పీవీ కంపెనీల పేరు మీద ఉంటాయి. ఆ కంపెనీ అద్దె వసూలు చేసి, లాభం మీద కార్పొరేట్ పన్ను కట్టి, మిగిలింది ట్రస్టుకి డివిడెండ్‌గా పంపాలంటే మళ్లీ డివిడెండ్ డిస్ట్రిబ్యూషన్ ట్యాక్స్ కట్టాలి, అది సర్‌చార్జీ, సెస్సు కలిపి దాదాపు 20 శాతం. ఒకే అద్దె మీద రెండుసార్లు పన్ను కట్టి రీట్ పెట్టడానికి ఎవరు ముందుకొస్తారు? 2016 బడ్జెట్లో ఆ రెండో పన్ను తీసేశాక గానీ దారి తెరుచుకోలేదు. మొదటి రీట్ ఎంబసీ 2019 ఏప్రిల్‌లో లిస్టయింది, మాదాపూర్ క్యాంపస్ ఉన్న మైండ్‌స్పేస్ 2020 ఆగస్టులో వచ్చింది.

ఈ రెంటి మధ్యలోనే అసలు కథ జరిగింది. 2019 సెప్టెంబర్‌లో కేంద్రం కంపెనీలకి 22 శాతం కొత్త పన్ను రేటు ఇచ్చింది, సర్‌చార్జీ, సెస్సుతో 25.17 శాతం. అది తీసుకుంటే పాత మినహాయింపులు చాలావరకు వదులుకోవాలి. తర్వాత 2020 ఫిబ్రవరి 1న బడ్జెట్లో నిర్మలా సీతారామన్ డివిడెండ్ డిస్ట్రిబ్యూషన్ ట్యాక్స్‌ని పూర్తిగా రద్దు చేసి, డివిడెండ్ ఎవరి చేతికి వస్తే వాళ్లే పన్ను కట్టాలన్నారు. రీట్ యూనిట్లనీ అందులో కలిపేశారు. ఆ పన్ను బెడద అప్పటికే లేదని నమ్మి డబ్బు పెట్టినవాళ్లకి ఇది పెద్ద దెబ్బ. అభ్యంతరాలు వచ్చాయి. మార్చి 23న, దేశమంతా లాక్‌డౌన్ ప్రకటించడానికి ఒక్కరోజు ముందు, లోక్‌సభ చర్చ లేకుండా ఆమోదించిన ఫైనాన్స్ బిల్లులో ఒక మధ్యేమార్గం పెట్టారు: ఎస్‌పీవీ పాత రేటులోనే ఉంటే దాని నుంచి వచ్చే డివిడెండ్ మీద యూనిట్ ఉన్నవాడికి పన్ను లేదు, కొత్త తక్కువ రేటు ఎంచుకుంటే ఉంది.

చట్టం వైపు నుంచి చూస్తే ఇందులో న్యాయం ఉంది, కంపెనీ తక్కువ కట్టింది కాబట్టి మిగతాది మీరు కట్టండి అంటోంది. కానీ బ్రాడీపేటలో కూర్చున్న పెన్షనర్‌కి ఎక్కడో ఒక ఎస్‌పీవీ ఏ రేటు ఎంచుకుందో ఎలా తెలుస్తుంది? అదే ట్రస్టులో ఒక కంపెనీ పాత రేటులో, ఇంకోటి కొత్త రేటులో కూడా ఉండొచ్చు.

డివిడెండ్ ఒక్కటే అయితే సర్దుకోవచ్చు. ట్రస్టు ఎస్‌పీవీకి అప్పు కూడా ఇస్తుంది, ఎందుకంటే వడ్డీ కట్టినంత మేర ఎస్‌పీవీకి లాభం తగ్గుతుంది, దాంతో పన్నూ తగ్గుతుంది. ఆ వడ్డీ మన చేతికి వచ్చేటప్పటికి మన శ్లాబు ప్రకారం పన్ను, ముందే 10 శాతం టీడీఎస్ కోత. ఆ అప్పులో అసలు సొమ్ము తిరిగొస్తే అదీ మనకి పంచుతారు. దాని మీద చాలాకాలం ఎవరికీ పన్ను పడలేదు. 2023 బడ్జెట్ దాన్ని మొత్తంగా ఆదాయం అంది, మళ్లీ గొడవ, మళ్లీ మార్చిలో సవరణ. ఇప్పుడు ఆ సొమ్ము మన కొనుగోలు ధరలోంచి తగ్గుతుంది. ఇలా పంచిన మొత్తం యూనిట్ జారీ ధర (ట్రస్టు దాన్ని మొదట అమ్మిన ధర) దాటితేనే, దాటిన మేరకు ఆదాయం అవుతుంది.

ఒక లెక్క అనుకుందాం. యూనిట్ రూ. 320కి కొన్నారు, ఏడాదిలో రూ. 20 వచ్చింది. అందులో డివిడెండ్ 9, వడ్డీ 6, అసలు 5. డివిడెండంతా పాత రేటు కంపెనీలదైతే పన్ను పడేది 6 మీదే. ఆ 5 మాత్రం పోయిందనుకోకండి, అమ్మేటప్పుడు మీ కొన్న ధర 320 కాదు, 315.

ఇదంతా మొదట్లో పెద్దవాళ్ల గొడవగానే ఉండేది, ఎందుకంటే 2014లో కనీస పెట్టుబడి 2 లక్షలు. సెబీ 2019లో దాన్ని 50 వేలకి, 2021లో 10–15 వేలకి దించింది, లిస్టయ్యాక మార్కెట్లో అయితే ఒక్క యూనిట్ కూడా కొనుక్కోవచ్చు. చిన్నవాళ్లు రావడం మంచిదే, వాళ్లతో పాటు ఈ లెక్కల టెన్షన్ కూడా వచ్చింది.

బాబాయి మెయిల్ వెతికితే ట్రస్టు పంపిన ఫారం 64బి దొరికింది, తెరిచి కూడా చూడలేదు. ఏది వడ్డీ, ఏది పన్ను లేని డివిడెండ్, ఏది అసలు అన్నీ అందులో విడివిడిగా ఉన్నాయి. గడువు ఇంకా ఉండబట్టి రివైజ్డ్ రిటర్న్ వేశాం, రీఫండ్ కోసం చూస్తున్నాం.