పశువుల మందు మన ఇళ్లలోకి వచ్చిన దారి: 2021లో ఏం జరిగింది?

ఐవర్‌మెక్టిన్ మళ్లీ వాట్సాప్ గ్రూపుల్లోకి వచ్చింది. అప్పుడు కరోనా అన్నారు, ఇప్పుడు కేన్సర్ అంటున్నారు. పశువులకు నట్టల నివారణకు ఇచ్చే ఐవర్‌మెక్టిన్, ఫెన్‌బెండజోల్ కలిపి వేసుకుంటే నాలుగో స్టేజీలో ఉన్నవాళ్లు కూడా లేచి తిరుగుతారని ప్రచారం. హైదరాబాద్‌లో వెటర్నరీ మందుల షాపుకు వెళ్లి ఈ రెండూ తెచ్చుకోవడం పెద్ద పని కాదు. వద్దని చెప్పే డాక్టర్లకు ఒక ప్రశ్న ఎదురవుతోంది: "కరోనాలో మీరే రాశారు కదా, ఇప్పుడెందుకు వద్దంటున్నారు?" న్యాయమైన ప్రశ్నే. దానికి జనానికి అర్థమయ్యే జవాబు ఇవ్వకపోవడం దగ్గరే ఈ గొడవంతా మొదలైంది.

జపాన్ మట్టిలో దొరికిన సూక్ష్మజీవి, 1981లో పశువుల మందుగా మార్కెట్లోకి రావడం, ఆఫ్రికాలో లక్షల మంది కళ్లు కాపాడటం, 2015 నోబెల్ బహుమతి, ఈ కథంతా పత్రికల్లో చాలాసార్లు వచ్చింది. అందులో ఇప్పుడు కావలసింది ఒక్కటే. ఐవర్‌మెక్టిన్ మనుషులకూ మందే. గజ్జికి, కొన్ని రకాల పేగు పురుగులకు, బోదకాలు నివారణకు డాక్టర్లు ఇస్తారు. కిలో బరువుకు సుమారు 200 మైక్రోగ్రాములు, అంటే 60 కిలోల మనిషికి 12 మిల్లీగ్రాములు. చాలా జబ్బులకు ఒకటి రెండు డోసులతో సరి.

అసలు మలుపు 2021 ఏప్రిల్ 22. గాంధీలో, గచ్చిబౌలి టిమ్స్‌లో బెడ్ దొరికితే చాలని జనం దండం పెట్టుకుంటున్న రోజులవి. ఆ రోజు ఎయిమ్స్, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) నిపుణులు ఇచ్చిన చికిత్సా మార్గదర్శకాల్లో, స్వల్ప లక్షణాలున్న కరోనా రోగులకు ఐవర్‌మెక్టిన్ ఇవ్వడాన్ని పరిశీలించవచ్చని ఉంది. ఆధారాలు బలహీనమని కూడా అక్కడే ఉంది. చీటీ మీదికి మందు పేరు మాత్రమే వచ్చింది. ఆధారాల సంగతి రోగి ఇంటిదాకా రాలేదు.

నిజానికి ఆ తేదీకి ముందే రెండు హెచ్చరికలు వచ్చాయి. కరోనాకు ఇది పనిచేస్తుందనడానికి శాస్త్రీయ ఆధారం లేదని 2021 ఫిబ్రవరిలో మెర్క్ కంపెనీ చెప్పింది. మందు కనిపెట్టి అమ్ముతున్న కంపెనీయే ఆ మాట అన్నదంటే ఆగి ఆలోచించాల్సింది. మార్చి 31న ప్రపంచ ఆరోగ్య సంస్థ, క్లినికల్ ట్రయల్స్‌లో తప్ప వాడొద్దంది. అయినా మన పత్రంలో మందు చేరింది. మే 10న గోవా ప్రభుత్వం పద్దెనిమిదేళ్లు దాటిన అందరికీ ముందుజాగ్రత్తగా ఇస్తామని ప్రకటించింది. అప్పటికి ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రధాన శాస్త్రవేత్తగా ఉన్న సౌమ్యా స్వామినాథన్ ఆ వెంటనే సంస్థ హెచ్చరికను మళ్లీ గుర్తుచేశారు.

మే చివర్లో కేంద్ర ఆరోగ్య శాఖలోని ఆరోగ్య సేవల డైరెక్టరేట్ తన మార్గదర్శకాల నుంచి ఐవర్‌మెక్టిన్‌ను తీసేసింది. ఎయిమ్స్, ఐసీఎంఆర్ పత్రంలో మాత్రం అది సెప్టెంబర్ చివరి వారం దాకా ఉండిపోయింది. ఒకే ఆరోగ్య శాఖ నీడలో రెండు పత్రాలు, దాదాపు నాలుగు నెలలు, ఒకదానికొకటి విరుద్ధంగా. కాలనీ క్లినిక్‌లో కూర్చున్న డాక్టరు ఏది పట్టుకోవాలి? చివరికి రెండింటిలోనూ పేరు పోయింది. ఎందుకు పోయిందో మందు మింగినవాళ్లకు చెప్పిన నాథుడు లేడు. మాస్కు గురించి, టీకా గురించి ఊరూరా మైకులు పెట్టి చెప్పిన ప్రభుత్వాలు ఈ సంగతికి వచ్చేసరికి మౌనంగా ఉండిపోయాయి. జనం మనసులో మిగిలింది ఒక్కటే: "సర్కారే ఇచ్చింది, మాకేం కాలేదు."

చెప్పాల్సింది చాలా ఉంది. 2020 ఏప్రిల్‌లో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు ల్యాబులో పెంచిన కణాల్లో ఈ మందు వైరస్‌ను అణచివేసిందని ప్రకటించారు. ఆ ప్రయోగంలో వాడినంత గాఢత మనిషి రక్తంలో రావాలంటే మామూలు డోసును పదుల రెట్లు పెంచాలి. ప్రాణాలు కాపాడుతోందని గట్టిగా చెప్పిన ఈజిప్టు అధ్యయనాన్ని, అందులోని సమాచారం మీద తీవ్ర అనుమానాలు రావడంతో 2021 జూలైలో వెనక్కి తీసుకున్నారు. బ్రెజిల్‌లో 1,358 మందితో పద్ధతిగా చేసిన ట్రయల్ ఫలితం 2022 మార్చిలో వచ్చింది. రోగులు ఆస్పత్రిపాలు కాకుండా ఈ మందు కాపాడలేకపోయింది.

మందును నమ్మేవాళ్ల వాదన కూడా చెప్పుకోవాలి. ఇది చవక మందు, పేటెంటు ఎప్పుడో అయిపోయింది, లాభం లేదు కాబట్టి కంపెనీలు తొక్కేశాయంటారు. పేటెంటు అయిపోయిన మాట నిజం. కానీ డెక్సామెథసోన్ అంతకంటే పాతది, అదీ చవకే. ఆక్సిజన్ మీద ఉన్న కరోనా రోగుల ప్రాణాలు కాపాడుతుందని 2020 జూన్‌లో బ్రిటన్ ట్రయల్‌లో తేలగానే ప్రపంచమంతా వాడింది. హైదరాబాద్ ఆస్పత్రుల్లోనూ వాడారు. చవక అనేది అడ్డు కాలేదు.

కేన్సర్ కథ దీనికంటే ముందే మొదలైంది, వేరే మందుతో. ఫెన్‌బెండజోల్ వేసుకుంటే ఊపిరితిత్తుల కేన్సర్ పోయిందని ఓ అమెరికన్ చెప్పిన కథ బాగా పాకింది. ఆయన అదే సమయంలో ఇమ్యునోథెరపీ (ఒంట్లోని రోగనిరోధక శక్తినే కేన్సర్ మీదికి ఉసిగొల్పే చికిత్స) ట్రయల్‌లో కూడా ఉన్నారన్న విషయం అంతగా పాకలేదు. 2019లో దక్షిణ కొరియాలో ఆ మందుకు ఎగబడ్డారు, అక్కడి ప్రభుత్వం వాడొద్దని హెచ్చరించింది. జపాన్‌లో ఊపిరితిత్తుల కేన్సర్‌కు చికిత్స పొందుతున్న ఒక పెద్దావిడ, సోషల్ మీడియాలో చూసి నెలపాటు ఫెన్‌బెండజోల్ వేసుకుని లివర్ దెబ్బతిని ఆస్పత్రికి వచ్చారు. 2021లో ఆ కేసును డాక్టర్లు ప్రచురించారు. 2025 జనవరిలో హాలీవుడ్ నటుడు మెల్ గిబ్సన్, తన స్నేహితులకు ఈ తరహా మందులతోనే నయమైందని ఓ పాడ్‌కాస్ట్‌లో అన్నారు. రెండు మందులూ జంటగా మన ఫోన్లలోకి వచ్చింది ఆ ఊపులోనే. ల్యాబులో పెంచిన కేన్సర్ కణాల మీద ఇవి పనిచేసిన ఫలితాలు ఉన్నాయి. మనిషిలో కేన్సర్ తగ్గించాయని నిరూపించిన ట్రయల్ లేదు.

మనవాళ్లకు ఈ మందులంటే భయం లేకపోవడానికి ఇంకో కారణం ఉంది. ఏటా బళ్లలో పిల్లలకు నులిపురుగుల మాత్ర వేస్తారు. అది అల్బెండజోల్, మనుషుల కోసం తయారైనది, ఎంత వేయాలో తేలిన మందు. ఫెన్‌బెండజోల్ దానికి చుట్టమే, కానీ మనుషులకు వాడేందుకు ఆమోదం లేదు.

ఇప్పుడు షాపులో దొరికే సరుకు లెక్క చూడండి. పశువుల ఐవర్‌మెక్టిన్ ఇంజెక్షన్ సాధారణంగా 1 శాతం ద్రావణం, అంటే ఒక్కో మి.లీ.లో 10 మి.గ్రా. మందు. పశువుకు 50 కిలోల బరువుకు 1 మి.లీ., చర్మం కింద మాత్రమే. 400 కిలోల గేదెకు 8 మి.లీ. పడుతుంది. దీన్ని మనిషి ఒక టీస్పూను తాగితే 50 మి.గ్రా. లోపలికి వెళ్లినట్టే. బోలస్ అనే పెద్ద మాత్రల్లో 100 మి.గ్రా. ఐవర్‌మెక్టిన్, 3 గ్రాముల ఫెన్‌బెండజోల్ కలిపిన రకాలు ఉన్నాయి. పావు ముక్క వేసుకున్నా మనిషి డోసుకు రెట్టింపు. వాట్సాప్ సలహా ఒక్క పూటతో ఆగదు, వారాల తరబడి వేసుకోమంటుంది.

పురుగుల నరాలు, కండరాలు చచ్చుబడేలా చేయడమే ఐవర్‌మెక్టిన్ పని. అది మన మెదడులోకి పోకుండా రక్తనాళాల గోడల్లో పి-గ్లైకోప్రొటీన్ అనే ప్రొటీన్ కాపలా కాస్తుంది. డోసు మించితే ఆ కాపలా చాలదు. తల తిరగడం, చూపు మసకబారడం, అయోమయం, బీపీ పడిపోవడం, ఫిట్స్, చివరికి కోమా. విరుగుడు మందు లేదు. వచ్చిన లక్షణానికి చికిత్స చేస్తూ కాచుకోవాల్సిందే. కరోనా రాకుండా ఉంటుందని పశువుల ఇంజెక్షన్ తాగిన ఓ వ్యక్తి తొమ్మిది రోజులు ఆస్పత్రిలో ఉన్నాడని అమెరికా వ్యాధి నియంత్రణ సంస్థ సీడీసీ 2021 ఆగస్టులో హెచ్చరిక జారీ చేసింది. అదే నెలలో ఒరెగాన్ పాయిజన్ సెంటర్‌కు ఈ మందు గురించి 21 కేసులు వస్తే ఆరుగురు ఆస్పత్రిలో చేరాల్సి వచ్చింది.

పశువైద్యులకు ఈ ప్రమాదం కొత్త కాదు. కోలీ, షెల్టీ, ఆస్ట్రేలియన్ షెపర్డ్ జాతి కుక్కల్లో చాలావాటికి ఆ కాపలా ప్రొటీన్ పుట్టుకతోనే పనిచేయదు. మామూలు కుక్క తట్టుకునే గజ్జి డోసు కోలీని కోమాలోకి తీసుకెళ్తుంది. గజ్జి పట్టిన వీధికుక్కలకు మంచి మనసుతోనే ఈ ఇంజెక్షన్ చేసేవాళ్లు నగరంలో ఉన్నారు. రెండు కిలోల కూనకు కావలసింది మి.లీ.లో ఇరవయ్యో వంతు కంటే కాస్త అటూఇటూ. చిన్న సిరంజీ లేకుండా, తూకం వేయకుండా కంటి అంచనాతో ఎక్కిస్తే పది రెట్లు పోవడానికి ఎంతోసేపు పట్టదు. నారాయణగూడ పశువుల ఆస్పత్రికి తీసుకెళ్తే తూచి వేస్తారు.

మందు వేసే చేతులకూ జాగ్రత్తలున్నాయి. గ్లౌజులు వేసుకోవాలి, వేసేటప్పుడు తినడం, బీడీ కాల్చడం మానాలి, కంట్లో పడితే వెంటనే నీళ్లతో బాగా కడగాలి, సూది గుచ్చుకుంటే డాక్టరుకు చూపించాలి. మిగిలిన మందును, ఖాళీ సీసాను మోరీలోనో చెరువులోనో పడేయకూడదు. చేపలకు, నీటిలోని చిన్న ప్రాణులకు ఇది విషం. మందు పేడలో కూడా బయటికొస్తుంది కాబట్టి పేడపురుగులకూ నష్టమే. కొవ్వులో నిలిచే మందు కనుక పాలల్లోకి దిగుతుంది. మనం తాగే పాలిచ్చే గేదెకు పశువైద్యుడిని అడగకుండా వేయకూడదు. మాంసానికి కూడా లేబుల్ మీద రాసిన గడువు ఆగాలి, అమెరికాలో పశువుల ఇంజెక్షన్‌కు అది 35 రోజులు. జియాగూడ మండీకి జీవాలను తోలే ముందు వారం ఈ ఇంజెక్షన్ వేయడం తప్పు.

చట్టం లేక కాదు. 1945 నాటి డ్రగ్స్ నిబంధనల ప్రకారం పశువుల మందు మీద జంతువు తల బొమ్మ, "మనుషులకు వాడరాదు" అన్న హెచ్చరిక ఉండాలి. ఆ హెచ్చరిక కౌంటర్ అవతల ఎవరు అడుగుతున్నారో చూడదు. మందుతో కేన్సర్ నయం చేస్తామని ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 చట్టం నిషేధించింది. ఫార్వర్డ్ చేసే మేనల్లుడిని ఆ చట్టం పట్టుకోలేదు. అడ్డుకోగలిగింది షాపువాళ్లే: ఏ పశువుకు, ఎంత బరువు, ఏ డాక్టరు రాశారు అని అడగాలి. ఇలా అడగడాన్ని తప్పనిసరి చేయాల్సింది ఔషధ నియంత్రణ శాఖ. 2021లో జరిగిందేమిటో తెలుగులో విడమరిచి చెప్పాల్సింది ఆరోగ్య శాఖ.

ఇప్పటికే ఇంట్లో ఎవరైనా ఈ మాత్రలు మొదలుపెట్టి ఉంటే ఆపించి, ఆ స్ట్రిప్ పట్టుకుని చికిత్స చేస్తున్న కేన్సర్ డాక్టరు దగ్గరికి వెళ్లండి. తిడతారని దాచొద్దు. లివర్ పరీక్షలో తేడా వస్తే అది కీమో వల్లా, ఈ మందు వల్లా అన్నది తేల్చడానికి ఆ స్ట్రిప్ కావాలి. రక్తం పలచబడే వార్ఫరిన్ వాడుతున్నవాళ్లయితే ఆ సంగతీ చెప్పండి. మాట తడబడుతున్నా, మగతగా ఉన్నా, చూపు తేడాగా ఉందన్నా ఓపీ కోసం ఆగకుండా 108కి ఫోన్ చేయండి.