రోడ్డు దాటే మనిషిని మరిచిన పరిశోధన

డ్రైవర్ లేని కారు మన దేశానికి వస్తుందా, రాదా అన్న చర్చ ఏటా ఒకసారైనా తలెత్తుతుంది. కేంద్ర రవాణా మంత్రి నితిన్ గడ్కరీ 2017లోనే తేల్చి చెప్పేశారు, డ్రైవర్ల పొట్టకొట్టే కార్లను రానివ్వబోమని. 2023 చివర్లోనూ అదే మాట అన్నారు. ఉద్యోగాల భయం నిజమైనదే. కానీ ఎనభై ఏళ్లు దాటిన ఈ పరిశోధన చరిత్రను తిరగేస్తే అంతకంటే పాత ప్రశ్న ఒకటి ఎదురవుతుంది. ఈ యంత్రాలను తయారుచేసినవాళ్లు రోడ్డు మీద ఎవరెవరు ఉంటారని అనుకున్నారు?

1939లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో జనరల్ మోటార్స్ సంస్థ ‘ఫ్యూచరామా’ పేరుతో ఒక భారీ నమూనాను ఏర్పాటు చేసింది. నార్మన్ బెల్ గెడ్డెస్ దాని రూపకర్త. కదిలే కుర్చీల్లో కూర్చున్న సందర్శకులకు 1960 నాటి అమెరికా కనిపించేది: విశాలమైన రహదారులు, ఒకదానికొకటి తగలకుండా నిర్ణీత దూరంలో సాగిపోయే కార్లు. నడిచేవారికి మాత్రం వాహనాల పైనుంచి వెళ్లే ప్రత్యేక దారులు కేటాయించారు. కార్ల దారిలో మనిషి కాలు పెట్టడన్న ఊహ ఆ తొలి బొమ్మలోనే ఉంది.

ఆ ఊహను ఇంజినీర్లు మొదట రోడ్డులోనే అమర్చాలనుకున్నారు. 1957లో రేడియోలు, టీవీలు తయారుచేసే ఆర్‌సీఏ సంస్థ నెబ్రాస్కా రాష్ట్రంలోని లింకన్ నగరం శివార్లలో నాలుగు వందల అడుగుల రహదారి కింద తీగచుట్టలు పాతి, వాటి సంకేతాలతో వాహనాన్ని గుర్తించి నడిపించే ప్రయోగం చేసింది. పని చేసింది. కానీ దేశంలోని రహదారులన్నీ తవ్వి తీగలు పాతే స్తోమత ఎవరికుంది? తెలివి రోడ్డులో ఉండాలా, బండిలో ఉండాలా అన్న వాదన అక్కడి నుంచే మొదలైంది. ఇప్పటికీ తెగలేదు.

బండికే కళ్లు పెట్టాలన్న ఆలోచనకు 1980లలో ఊపు వచ్చింది. జర్మనీలో ఎర్న్‌స్ట్ డిక్‌మన్స్ బృందం కెమెరాలు, కంప్యూటర్లు నింపిన వ్యానును 1987లో ఖాళీగా ఉన్న ఆటోబాన్ (జర్మనీ వేగ రహదారి) మీద గంటకు 96 కిలోమీటర్ల వేగంతో నడిపింది. 1995లో అదే బృందం మరో కారును మ్యూనిక్ నుంచి డెన్మార్క్‌లోని ఒడెన్సే దాకా పంపింది. ఈసారి చుట్టూ మామూలు వాహనాలు తిరుగుతున్నాయి. దారిలో ఒక దశలో వేగం గంటకు 175 కిలోమీటర్లు తాకింది.

అమెరికాలో ఈ పనికి పుట్టిల్లు పిట్స్‌బర్గ్‌లోని కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయం. అక్కడి రోబోటిక్స్ ఇన్‌స్టిట్యూట్‌కు 1979లో వ్యవస్థాపక డైరెక్టర్ అయినవారు రాజ్ రెడ్డి. చిత్తూరు జిల్లా కాటూరులో పుట్టి, 1994లో కంప్యూటర్ శాస్త్రంలో అత్యున్నతమైన ట్యూరింగ్ అవార్డు అందుకున్న మనవాడు. ఆయన డైరెక్టరుగా ఉన్న కాలంలోనే తమంతట తామే నడిచేలా తీర్చిదిద్దిన నావ్‌ల్యాబ్ వాహనాలు పురుడు పోసుకున్నాయి. వాటిలో వాడిన ఒక న్యూరల్ నెట్‌వర్క్ (ఉదాహరణలు చూసి నేర్చుకునే కంప్యూటర్ ప్రోగ్రాము), మనిషి స్టీరింగు తిప్పడం కొన్ని నిమిషాలు చూసి తానే నేర్చుకునేది. దాని ముందుండే దృశ్యం అడ్డంగా 32, నిలువుగా 30 చుక్కలు మాత్రమే. అంత మసక చూపుతో రోడ్డు ఎటు తిరిగిందో పట్టుకోవడం ఆ రోజుల్లో గొప్ప విజయం. 1995 వేసవిలో డీన్ పోమర్లో, టాడ్ జోకెమ్ అనే ఇద్దరు పరిశోధకులు పిట్స్‌బర్గ్ నుంచి శాన్ డియాగో దాకా 2,849 మైళ్లు ప్రయాణిస్తే, అందులో 98 శాతానికి పైగా స్టీరింగును కంప్యూటరే తిప్పింది. బ్రేకు, యాక్సిలరేటరు మనుషుల కాళ్ల కిందే ఉన్నాయి.

అదే సమయంలో కాలిఫోర్నియాలో రోడ్డు పక్షం వాళ్లు వెనక్కి తగ్గలేదు. 1991లో అమెరికా కాంగ్రెస్ చేసిన రవాణా చట్టం, 1997 నాటికి స్వయంచాలిత రహదారి నమూనాను చూపించమంది. 1997 ఆగస్టులో శాన్ డియాగో దగ్గర 7.6 మైళ్ల దారిలో ఎనిమిది బ్యూయిక్ కార్లు రోడ్డులో పాతిన అయస్కాంతాల ఆధారంగా, ఆరున్నర మీటర్ల ఎడంతో, గంటకు దాదాపు వంద కిలోమీటర్ల వేగంతో వరుసగా సాగాయి. బర్కిలీలోని ‘పాత్’ పరిశోధన కేంద్రం దీనికి ఆయువుపట్టు. ముంబయిలో పుట్టిన ప్రవీణ్ వరైయా ఆ కేంద్రానికి సారథ్యం వహించినవారు. ప్రదర్శన బ్రహ్మాండంగా జరిగింది, ఆ తర్వాత ప్రభుత్వం నిధులు ఆపేసింది. గేట్లు బిగించిన ప్రత్యేక వరుసలో మాత్రమే నడిచే కారు ఊళ్లోకి వచ్చాక ఏం చేయాలో ఆ పథకం చెప్పలేకపోయింది.

తర్వాత అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా డ్రైవర్ లేని వాహనాలకు పోటీలు పెట్టింది. 2004లో మొహావీ ఎడారిలో ఎనిమిది మైళ్లు కూడా ఎవరూ వెళ్లలేకపోయారు. మరుసటి ఏడాది స్టాన్‌ఫర్డ్ వారి ‘స్టాన్లీ’ 132 మైళ్లను ఏడు గంటల లోపే పూర్తిచేసింది. 2007లో పోటీ నగర వీధులకు మారింది. అది నిజమైన నగరం కాదు, విక్టర్‌విల్‌లో మూసేసిన వైమానిక స్థావరం. అక్కడ కూడళ్లు ఉన్నాయి, ఎదురొచ్చే కార్లు ఉన్నాయి. పాదచారులు లేరు, సైకిళ్లు లేవు. ఆ పోటీల్లో రాటుదేలిన పరిశోధకులనే గూగుల్ 2009లో చేర్చుకుంది. ఈనాటి వేమో డ్రైవర్ రహిత టాక్సీల మూలం అదే. ఎడారిలో, ఖాళీ వీధుల్లో పాఠాలు నేర్చిన విద్య జనం తిరిగే నగరంలోకి అడుగుపెట్టింది.

2018 మార్చి 18 రాత్రి. అరిజోనాలోని టెంపీ నగరంలో ఒక మహిళ సైకిలు నెట్టుకుంటూ రోడ్డు దాటుతున్నారు. ఉబర్ సంస్థ పరీక్షిస్తున్న కారు సెన్సర్లు ఢీకొనడానికి 5.6 సెకన్ల ముందే ఆమెను గుర్తించాయి. ఆపడానికి ఆ వ్యవధి చాలు. అయితే సాఫ్ట్‌వేరు ఆమెను ఒకసారి వాహనమంది, ఒకసారి గుర్తుతెలియని వస్తువంది, మరోసారి సైకిలంది. పేరు మార్చిన ప్రతిసారీ ఆమె అంతవరకు ఎటు కదిలిందో లెక్కలోంచి తీసేసి మళ్లీ మొదలుపెట్టింది. క్రాసింగు కాని చోట మనిషి రోడ్డు దాటవచ్చన్న ఆలోచనే ఆ వ్యవస్థ రూపకల్పనలో లేదని అమెరికా జాతీయ రవాణా భద్రతా మండలి విచారణలో తేలింది. కారులో ఉన్న పర్యవేక్షకురాలు రోడ్డు చూడకుండా ఫోను చూస్తుండటం ప్రధాన కారణమని మండలి చెప్పింది. అది సరైన తీర్పే. నన్ను కలచివేసేది మాత్రం ఆ సాఫ్ట్‌వేరు నియమం. ఆమె ప్రాణం పోయింది. 1939 నాటి ఊహ 79 ఏళ్ల తర్వాత కూడా ప్రోగ్రాములో మిగిలే ఉంది.

2023 అక్టోబరులో శాన్‌ఫ్రాన్సిస్కోలో మరో ఘటన. మనిషి నడుపుతున్న కారు ఢీకొట్టి విసిరేసిన పాదచారిణి, జనరల్ మోటార్స్‌కు చెందిన క్రూజ్ సంస్థ డ్రైవర్ రహిత టాక్సీ ముందు పడ్డారు. అది ఆగింది. కానీ తన కింద మనిషి ఉన్నట్టు గ్రహించక, పక్కకు వెళ్లే ప్రయత్నంలో ఆమెను దాదాపు ఇరవై అడుగులు ఈడ్చుకెళ్లింది. కాలిఫోర్నియా ఆ సంస్థ అనుమతులు నిలిపివేసింది. ఏడాది తర్వాత జనరల్ మోటార్స్ ఆ టాక్సీల పనికి నిధులు ఆపేసింది. న్యాయంగా చెప్పాలంటే, తమ కార్ల వల్ల మనుషులు గాయపడే ప్రమాదాలు మానవ డ్రైవర్లతో పోలిస్తే బాగా తక్కువని వేమో లెక్కలు ప్రచురించింది. సాంకేతికత మెరుగుపడుతోంది, కాదనను. ఆ మెరుగుదల ఏ వీధుల్లో కొలిచారన్నది కూడా చూడాలి.

మన వీధుల సంగతికి వద్దాం. 2022లో భారత రోడ్లపై 1,68,491 మంది చనిపోయారు. అందులో 32,825 మంది పాదచారులు. ద్విచక్ర వాహనాల మీద పోయినవారు 44 శాతానికి పైగా. కారు కెమెరాకు చూపు నేర్పేటప్పుడు మొదట గుర్తుపట్టవలసింది వీళ్లనే. ప్రపంచమంతా ఆ చూపు నేర్పడానికి వాడుతున్న ‘సిటీస్కేప్స్’ చిత్రాల్లో అత్యధికం జర్మనీ నగరాలవి. తీరైన ఫుట్‌పాత్‌లు, గీత దాటని కార్లు.

ఈ లోటును పట్టుకున్నది హైదరాబాద్ ట్రిపుల్ ఐటీ. రాజ్ రెడ్డి చేయి ఉన్న సంస్థే అది కూడా. హైదరాబాద్, బెంగళూరు నగరాల్లో, వాటి శివార్లలో కారుకు కెమెరా కట్టి తిరిగి, పదివేల పైచిలుకు చిత్రాలను ఎంచి, ‘ఇండియా డ్రైవింగ్ డేటాసెట్’ను తయారుచేశారు. ఒక్కో చిత్రంలో ప్రతి వస్తువు అంచు వెంబడి గీత గీసి పేరు పెట్టాలి. ఆ పేర్ల జాబితా 34కు చేరింది. ఆటో ఉంది, పశువు ఉంది, హోర్డింగు ఉంది. తారు అంచు దాటాక మట్టిగా ఉన్నా బండి పోగలిగే జాగాకు వేరే గుర్తింపు ఇవ్వవలసి వచ్చింది, ఎందుకంటే మన దగ్గర రోడ్డు ఎక్కడ ముగుస్తుందో గీత చెప్పదు. సిటీస్కేప్స్‌తో చూపు నేర్చిన ప్రోగ్రాములు ఈ చిత్రాల ముందు తడబడ్డాయి. ఆ సంగతిని 2019లో ప్రచురించిన పరిశోధన పత్రం ఈ రంగంలో తెలుగు నేల మీద జరిగిన అతి ముఖ్యమైన పనుల్లో ఒకటని నా అభిప్రాయం.

కందిలోని ఐఐటీ హైదరాబాద్‌లో 2022 జులైలో ‘తిహాన్’ పరీక్షా మైదానం ప్రారంభమైంది. డ్రైవర్ లేని వాహనాలు, డ్రోన్లు అక్కడ పరీక్షిస్తారు. 158 కిలోమీటర్ల ఔటర్ రింగు రోడ్డు కూడా ఒక రకంగా ఫ్యూచరామా దారే: దాని మీద ద్విచక్ర వాహనాలకు, పాదచారులకు ప్రవేశం లేదు. అటువంటి చోట ఈ కార్లు త్వరగానే నడవవచ్చు. దిల్‌సుఖ్‌నగర్‌లోనో విజయవాడ బెంజి సర్కిల్‌లోనో సాయంత్రం ఆరింటికి నడపడం పూర్తిగా వేరే సమస్య.

అందుకే నాకు ‘ఐరాస్తే’ ప్రాజెక్టు దారి నచ్చుతుంది. అందులో డ్రైవర్ ఉంటాడు. నాగ్‌పూర్‌లో మొదలై తెలంగాణ ఆర్టీసీ బస్సులకు వచ్చిన ఈ పద్ధతిలో, ముందు వాహనానికి మరీ దగ్గరైతే, వరుస తప్పితే పరికరం డ్రైవర్‌ను హెచ్చరిస్తుంది. ఆ హెచ్చరికలు పదేపదే వచ్చే చోట్లను మ్యాపు మీద గుర్తిస్తారు. ప్రాణాలు పోయాక బ్లాక్ స్పాట్ అని బోర్డు పెట్టే అలవాటున్న మనకు, పోకముందే ఆ మలుపును సరిచేసే అవకాశం ఇది. రోడ్డుకూ బండికీ తెలివిని పంచడమంటే ఇదే.

2025 మార్చిలో కేంద్రం విడుదల చేసిన ముసాయిదా కొత్త బస్సులకు, లారీలకు ఇటువంటి పరికరాలను తప్పనిసరి చేయాలని ప్రతిపాదించింది. బండి కదిలే ముందు దాని ముందర నిలబడ్డ పాదచారి గురించి హెచ్చరించే ఏర్పాటు కూడా అందులో ఉంది. ఆ పరికరాలకు ధ్రువీకరణ ఇచ్చే మైదానాల్లో కోటు, ప్యాంటు తొడిగిన బొమ్మను ఒక్కదాన్నే నిలబెడితే చాలదు. చీర కట్టుకుని తలపై గంప పెట్టుకున్న బొమ్మను, పంచె కట్టుకుని సైకిలు నెట్టే బొమ్మను, చీకట్లో, వానలో, డివైడరు సందులోంచి రోడ్డు మీదికి నడిపించి చూడాలి. వాటి ముందు ఆగని పరికరానికి ఆమోదముద్ర వేయకూడదు.