సగంలో ఆపేసిన పుస్తకం: అపోహలు, వాస్తవాలు

పోయిన వారం ఒకావిడ కౌంటర్ దగ్గరికి వచ్చి, సంచిలోంచి పుస్తకం తీసి బల్ల మీద బోర్లా పెట్టారు. "ఇంకొక్కసారి రెన్యువల్ చేస్తారా మేడమ్? ఈసారి తప్పకుండా పూర్తి చేసేస్తాను" అన్నారు. బాకీ తీర్చలేకపోయిన మనిషి మాట్లాడినట్టుంది ఆ గొంతు. కార్డు చూస్తే, పుస్తకం ఆవిడ దగ్గర ఐదు నెలలుగా ఉంది.

"ఈ ఐదు నెలల్లో ఇంకేం చదివారండీ?" అని అడిగాను.

"ఇది అవ్వకుండా ఇంకోటి ఎలా మొదలుపెడతాను?"

ఇరవై రెండేళ్ళుగా లైబ్రరీలో పనిచేస్తున్నాను. నెలకి రెండు మూడుసార్లయినా ఈ మాట వింటాను. చెప్పేవాళ్ళ వయసు మారుతుంది గానీ మాట మారదు. అందుకే ఇవాళ ముఖ్యంగా దీని గురించే రాస్తున్నాను. మిగతా అపోహలు చాలా ఉన్నాయి, కానీ మనుషుల్ని పుస్తకాలకి దూరం చేస్తున్నది ఇదే.

అపోహ: మొదలుపెట్టింది పూర్తి చేశాకే ఇంకోటి ముట్టుకోవాలి.

వాస్తవం: ఈ నియమం పెట్టుకున్నవాళ్ళు ఆ పుస్తకమూ పూర్తి చేయరు, ఇంకోటీ చదవరు.

ఒకసారి లెక్క వేసి చూడండి. రోజుకి 20 పేజీలు చదివే మనిషికి 300 పేజీల పుస్తకం 15 రోజుల పని. ఐదు నెలలంటే పది పుస్తకాలు. ఒక్క పుస్తకం దగ్గర ఆగిపోయానని ఆవిడ అనుకుంటున్నారు. నిజానికి పోయినవి పది. ఆ ఆగిన పుస్తకం మంచం పక్కనే కనబడుతూ ఉంటుంది. తెరవబుద్ధి కాదు. దాన్ని కాదని వేరేది తెరవడానికి మనసొప్పదు. చేయి ఫోన్ మీదికి పోతుంది. ఆర్నెల్లు తిరిగేసరికి "నాకు చదివే అలవాటే పోయిందండీ" అంటారు. అలవాటు ఎక్కడికీ పోలేదు, దారికి అడ్డంగా ఒక పుస్తకం పడి ఉందంతే.

ఇది సోమరితనం కాదు, మనసు బలహీనతా కాదు. మనం దేనిమీదైనా డబ్బో శ్రమో పెట్టేశాక, అది పనికిరాదని తెలిసినా వదులుకోలేం. 1985లో హాల్ ఆర్క్స్, క్యాథరిన్ బ్లూమర్ అనే ఇద్దరు పరిశోధకులు దీన్ని నాటకాల సీజన్ టికెట్లతో, అంటే ఆ సీజన్ నాటకాలన్నిటికీ పనికొచ్చే టికెట్లతో పరీక్షించారు. కొందరికి పూర్తి ధరకి, కొందరికి తగ్గింపు ధరకి టికెట్లు అమ్మారు. ఎవరికి ఏ ధర పడాలన్నది వాళ్ళ ఇష్టాన్ని బట్టి జరగలేదు. నాటకాలు అవే. అయినా సీజన్ మొదటి సగంలో పూర్తి ధర కట్టినవాళ్ళే ఎక్కువ నాటకాలకి వెళ్ళారు. పెట్టిన డబ్బు వాళ్ళని లాక్కెళ్ళింది. లైబ్రరీ పుస్తకానికి డబ్బు పెట్టకపోయినా, చదివేసిన 120 పేజీల కోసం వారం రోజుల సాయంత్రాలు పెట్టారు కదా. అవి తిరిగి రావు. పుస్తకం పూర్తి చేసినా రావు, ఆపేసినా రావు. ఇక ముందుండే సాయంత్రాలు మాత్రమే మీ చేతిలో ఉన్నాయి.

ఆ మాట చెప్పి ఆవిడకి పుస్తకం అంచు చూపించాను. ఎప్పుడైనా గమనించారా? ఎక్కువమంది తీసుకెళ్ళిన పుస్తకాన్ని మూసి పక్కనుంచి చూస్తే, చేతులు తగిలిన మేర కాగితాల అంచు కాస్త మాసి ఉంటుంది. చివరిదాకా చదివిన పుస్తకం మొత్తం ఒకే రంగులో మాసిపోతుంది. ఈ పుస్తకం అలా లేదు. మూడో వంతు దాకా గోధుమ రంగు, అక్కడినుంచి తెలుపు. వీపు మీద మడతలు కూడా ఆ మూడో వంతులోనే. "మీకంటే ముందు తీసుకెళ్ళినవాళ్ళు కూడా దాదాపు అక్కడే ఆగారు" అన్నాను. ఆవిడ బొటనవేలితో ఆ గీత మీద మెల్లగా రాసి చూశారు. ఐదు నెలలుగా ఆ తప్పు తనొక్కదానిదే అనుకుంటూ ఉన్నారు పాపం.

నేనూ ఇందులో చిక్కుకున్నదాన్నే. ఉద్యోగంలో చేరిన కొత్తలో, అందరూ గొప్పదంటున్న ఒక లావుపాటి నవల మొదలుపెట్టాను. పదకొండు నెలలు అది నా బల్ల మీదే ఉంది. ఆ పదకొండు నెలలూ ఇంకేమీ చదవలేదు. మా సీనియర్ గారు అప్పుడప్పుడూ "ఏం చదువుతున్నావమ్మా?" అని అడిగేవారు. మూడుసార్లు అదే పేరు చెప్పాను. నాలుగోసారి ఆయన ఏమీ అనకుండా పుస్తకం తీసి, అందులో పెట్టుకున్న గుర్తు కాగితం నా చేతిలో పెట్టి, పుస్తకం రిటర్న్ రాసేశారు.

"రంగనాథన్ గారి నాలుగో సూత్రం ఏమిటి?"

"పాఠకుడి సమయం ఆదా చెయ్యాలి."

"మరి నువ్వు పాఠకురాలివి కావా?"

గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ 1931లో లైబ్రరీలకి ఇచ్చిన ఐదు సూత్రాలూ నాకు కంఠతా వచ్చు. నాలుగో సూత్రం అంటే క్యాటలాగు సరిగ్గా ఉండాలి, ర్యాకులు వరసలో ఉండాలి అనే అనుకునేదాన్ని అప్పటిదాకా. రెండు రోజులు ఆయన మీద కోపంగానే ఉన్నాను. మూడో రోజు ర్యాకులోంచి ఒక పలచటి పుస్తకం తీసి, నిలబడే ఇరవై పేజీలు చదివేశాను. ఇంటికెళ్ళి అది పూర్తి చేశాక ఏడుపొచ్చింది.

ఇక్కడ ఒక సంగతి స్పష్టంగా చెప్పాలి. పుస్తకాన్ని పక్కన పడేయడం వేరు, ఆపేశానని తీర్మానించుకోవడం వేరు. పక్కన పడేసింది మనసులో గుచ్చుతూనే ఉంటుంది. సగంలో ఆగిన పనులే ముగించినవాటికంటే ఎక్కువ గుర్తుండటం 1927లో బ్లూమా జైగార్నిక్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త తన ప్రయోగాల్లో చూసింది. తర్వాత చేసినవాళ్ళందరికీ అదే ఫలితం రాలేదు గానీ, మా కౌంటర్ దగ్గర మాత్రం నేను రోజూ చూసేది అదే. కాబట్టి గుర్తు కాగితం బయటికి తీయండి. పుస్తకం మీదే అయితే కళ్ళకి కనబడని అరలో పెట్టండి, లేదా ఎవరికైనా ఇచ్చేయండి. లైబ్రరీది అయితే తెచ్చేయండి. "ఇది నేను చదవడం లేదు" అని ఒక్కసారి పైకి అనండి. చిన్న పనిలా కనబడుతుంది గానీ, ఆ రాత్రే ఇంకో పుస్తకం తెరిచినవాళ్ళు నాకు చాలామంది తెలుసు.

అపోహ: ఫోన్ల వల్ల మెదడు పాడైపోయింది, ఇక పుస్తకం పట్టుకోలేం.

మనిషి ఏకాగ్రత అక్వేరియం చేప ఏకాగ్రతకంటే తగ్గిపోయిందని ఒక మెసేజ్ ఏళ్ళ తరబడి తిరుగుతోంది. దాని వెనక నమ్మదగ్గ పరిశోధన ఏదీ లేదు. దయచేసి అది నాకు పంపకండి. మూడు గంటల సినిమా కదలకుండా చూసే మనిషికి ఏకాగ్రత లేదని ఎవరంటారు?

రెండేళ్ళుగా ఏ పుస్తకమూ నచ్చడం లేదని ఒక నలభై అయిదేళ్ళాయన బాధపడ్డారు. మెదడే మొద్దుబారిపోయిందేమోనని ఆయన భయం. మాట్లాడుతూ ఒక పుస్తకం తెరిచారు, దాన్ని చేయి చాచినంత దూరంలో పెట్టుకుని చూస్తున్నారు. "కళ్ళు చూపించుకున్నారా సార్?" అన్నాను. చత్వారం! నలభై దాటాక దాదాపు అందరికీ వచ్చేదే. అక్షరం కోసం కళ్ళు కష్టపడుతుంటే ఏ కథయినా విసుగ్గానే ఉంటుంది. అద్దాలొచ్చాక ఆయన, తను వదిలేసిన పుస్తకాల్లో రెండింటిని మళ్ళీ అడిగి తీసుకెళ్ళారు. అందుకే వరసగా నాలుగైదు పుస్తకాలు ఆపేస్తున్నవాళ్ళని నేను ముందు కళ్ళ గురించి అడుగుతాను, తర్వాత నిద్ర గురించి, ఆ తర్వాత ఇంట్లో పరిస్థితి గురించి. అయినవాళ్ళు పోయిన ఇంట్లో ఏడాది పాటు ఒక్క పేజీ ఎక్కకపోవడం నేను చూశాను. అప్పుడు పుస్తకాన్నీ తప్పు పట్టకూడదు, తమనీ తప్పు పట్టుకోకూడదు. కొన్నాళ్ళు పోనివ్వాలి.

అపోహ: ఇన్ని పేజీలు చదివాకే ఆపాలి.

అందరూ అడిగేది ఇదే. నాన్సీ పెర్ల్ అనే అమెరికన్ లైబ్రేరియన్ చెప్పిన ఒక పద్ధతి మా వృత్తిలో అందరికీ తెలుసు: 50 పేజీలు చదివి చూడండి. యాభై ఏళ్ళు దాటినవాళ్ళయితే 100లోంచి మీ వయసు తీసేయండి, మిగిలినన్ని పేజీలు చాలు. అరవై ఏళ్ళవాళ్ళకి 40, డెబ్బై ఏళ్ళవాళ్ళకి 30. వయసు పెరిగేకొద్దీ ఓపిక పట్టాల్సిన పేజీలు తగ్గడం నాకు చాలా నచ్చుతుంది. అయినా దాన్ని శాసనంలా పట్టుకోకండి. 49వ పేజీలో నచ్చని పుస్తకం 51వ పేజీలో నచ్చి తీరాలనేమీ లేదు.

నేను చూసేది వేరు. కష్టంగా ఉన్న పుస్తకానికీ విసుగ్గా ఉన్న పుస్తకానికీ తేడా తెలుసుకోవాలి. కష్టంగా ఉన్నదాన్ని చదువుతుంటే మనిషి వెనక్కి వెళ్తాడు. అదే పేరా మళ్ళీ చదువుతాడు, ఇదేమిటని ఎవరినో అడుగుతాడు, రచయిత మీద విసుక్కుంటాడు. మనసు అందులోనే ఉందన్నమాట. ఆ పుస్తకాన్ని వదలకండి, నెమ్మదిగా చదవండి. విసుగ్గా ఉన్నదాంట్లో మనిషి ముందుకి వెళ్తాడు. అధ్యాయం అయిపోవడానికి ఇంకా ఎన్ని పేజీలున్నాయో వేలితో లెక్కపెడతాడు. పేజీ తిప్పాక, ఇందాకటి పేజీలో ఏముందంటే చెప్పలేడు. పుస్తకం మూసి "తర్వాత ఏమవుతుందో నాకు తెలియాలా?" అని మిమ్మల్ని మీరే అడగండి. అక్కర్లేదని జవాబొస్తే అక్కడితో చాలు. అనువాదమైతే మాత్రం, వదిలేసే ముందు వేరే అనువాదం ఉందేమో అడగండి. వాక్యం నలిగిపోయి ఉంటే మూల రచయిత ఏం చేస్తాడు?

పరీక్ష కోసమో, ఉద్యోగం కోసమో చదవాల్సినవి వేరే లెక్క. వాటిని ఆపలేరు. అలాగని నవలలా మొదటి పేజీనుంచి చదవక్కర్లేదు. విషయసూచిక చూసి, కావాల్సిన అధ్యాయంతో మొదలుపెట్టండి.

అపోహ: పిల్లల్ని ఆపనిస్తే, అన్నీ సగంలో వదిలేసే అలవాటు అబ్బుతుంది.

ఒక నాన్నగారు తొమ్మిదో తరగతి కూతుర్ని తీసుకొచ్చి, "పాతది చదివినట్టు అప్పజెప్పందే కొత్తది ఇవ్వకండి మేడమ్" అన్నారు. ఆ పిల్ల నేల చూపులు చూస్తోంది. ఆయన ఉద్దేశం మంచిదే. కానీ అలా అప్పజెప్పించుకున్న పిల్లలు ఏడాది తిరిగేసరికి లైబ్రరీకి రావడం మానేస్తారు, ఇది నేను కళ్ళారా చూసిన సంగతి. బడిలో పాఠాలు చెప్పిన ఫ్రెంచ్ రచయిత డానియెల్ పెన్నక్ 1992లో పాఠకుడికి పది హక్కులున్నాయని రాశాడు. మొదటిది చదవకుండా ఉండే హక్కు, రెండోది పేజీలు దాటేసే హక్కు, మూడోది పూర్తి చేయకుండా వదిలేసే హక్కు. పిల్లలతో గడిపిన మనిషి రాసిన వరస అది. నేను ఆ పిల్ల నాన్నగారిని అడిగింది ఒక్కటే: "దేనికి ఆపావని మాత్రం అడగండి సార్." ఆ పిల్ల వెంటనే జవాబు చెప్పింది, "అందులో అందరూ ఎప్పుడూ మంచివాళ్ళే మేడమ్" అని. పూర్తిగా చదివి అప్పజెప్పిన పిల్లలెవరూ నాకు అంత మంచి మాట చెప్పలేదు.

మిగతావి గబగబా చెప్పేస్తాను. అవార్డు వచ్చింది కాబట్టి నచ్చి తీరాలా? అక్కర్లేదు. ఆపేస్తే రచయితకి అవమానమా? మీ మంచం పక్కన ఐదు నెలలు దుమ్ముపట్టడంకంటే ర్యాకులో ఇంకొకరికి దొరకడం ఆ రచయితకి మేలు. ఒకసారి ఆపితే మళ్ళీ చదవకూడదా? ఎప్పుడైనా చదవొచ్చు. ఇరవైలలో విసిరేసిన పుస్తకాన్ని నలభైలలో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళు ఉంటారు. ఆఖరి అధ్యాయం చూసేసి మూసేయడం మోసమా? మోసం ఎవర్నండీ?

ఆవిడ ఆ రోజు పాత పుస్తకం రిటర్న్ చేసి, ఒక యాత్రా కథనం తీసుకెళ్ళారు. నిన్న మళ్ళీ వచ్చారు. ఈసారి పుస్తకాన్ని బోర్లా పెట్టలేదు. "నలభై పేజీలు చదివానండీ, ఇదీ నాకు పడలేదు. ఆపేశాను" అని, నా జవాబు కోసం చూడకుండా కథల ర్యాకు వైపు నడిచారు.