టిఫా స్కాన్‌లో తేడా కనిపిస్తే...

ఐదో నెలలో టిఫా స్కాన్‌కి చాలామంది బిడ్డ ముఖం చూడొచ్చన్న సంబరంతో వెళతారు. డాక్టరు మాత్రం వెన్నెముక సరిగ్గా మూసుకుందా, గుండెలో నాలుగు గదులూ ఉన్నాయా, మెదడులో నీరు చేరిందా అని ఒక్కొక్కటే చూస్తుంటారు. ప్రోబ్ ఒకేచోట మళ్లీ మళ్లీ తిరుగుతుంటే తల్లికి టెన్షన్ మొదలవుతుంది.

తర్వాత ఏం చెయ్యాలన్నది కనిపించిన లోపాన్ని బట్టి ఉంటుంది. పుర్రె పైభాగం ఏర్పడని అనెన్‌సెఫలీ అయితే బిడ్డ పుట్టినా దక్కదు. గుండెలో చిన్న తెల్లచుక్క మాత్రమే ఉంటే, చాలాసార్లు అది జబ్బే కాదు. కష్టమంతా ఈ రెండింటి మధ్య ఉన్నవాటితోనే. ఒక క్రోమోజోమ్ ఎక్కువగా ఉండటం వల్ల వచ్చే డౌన్ సిండ్రోమ్, వెన్నెముక లోపాల వంటివి ఉన్నాయని పరీక్షలతో చెప్పగలరు. బిడ్డ ఎంత నడుస్తుందో, ఎంత నేర్చుకుంటుందో చెప్పలేరు.

రక్తపరీక్షల విషయంలో ఇంకో చిక్కుంది. ఎన్‌ఐపీటీ పరీక్ష తల్లి రక్తంలో తిరిగే మాయ (ప్లాసెంటా) డీఎన్‌ఏ ముక్కలను చూస్తుంది. '99 శాతం కరెక్ట్' అంటారు. వెయ్యి గర్భాల్లో ఒకదానిలో డౌన్ సిండ్రోమ్ ఉందనుకుందాం. అంటే పదివేలలో పది. పరీక్ష ఆ పదింటినీ పట్టుకున్నా, వెయ్యికి ఒక్కసారి పొరబడితే చాలు, ఏ లోపమూ లేని మరో పది గర్భాలకూ పాజిటివ్ వస్తుంది. పాజిటివ్ వచ్చిన ఇద్దరిలో ఒకరి బిడ్డ బాగానే ఉన్నట్టు! అందుకే ఆ రిపోర్టు ఒక్కటే చూసి అబార్షన్‌కి వెళ్లకూడదు. ఉమ్మనీరు తీసి నిర్ధారించుకోవాలి. అది 15 వారాలు దాటాక చేస్తారు, పూర్తి క్రోమోజోమ్ రిపోర్టుకి రెండు మూడు వారాలు పడుతుంది, గర్భం పోయే ప్రమాదమూ కొద్దిగా ఉంది.

ఈలోగా రోజులు గడిచిపోతాయి. అబార్షన్‌కి 1971 నాటి చట్టం పెట్టిన గడువు 20 వారాలు. 2008లో ఒక ముంబయి జంటకు, బిడ్డ గుండెకు తీవ్రమైన సమస్య ఉందని తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది. బాంబే హైకోర్టు అబార్షన్‌కి ఒప్పుకోలేదు. కొద్దిరోజులకే ఆమెకు గర్భస్రావమైంది. 2021 సవరణతో, తీవ్రమైన లోపముందని మెడికల్ బోర్డు తేలిస్తే 24 వారాల తర్వాతా అనుమతి దొరుకుతోంది. మరి ఏది తీవ్రం? ఎవరు చెప్పాలి? 2023 జనవరిలో, 32 వారాలు దాటిన గర్భం విషయంలో బోర్డు వద్దన్నా, ఎంచుకునే హక్కు ఆ స్త్రీదేనని అదే హైకోర్టు తేల్చింది. నేనూ ఆ మాటే అంటాను. మోసేది, కనేది, పెంచే భారంలో ఎక్కువ పాలు ఎత్తుకునేది ఆమే.

అయితే 'మాలాంటివాళ్లు పుట్టకూడదా?' అని వికలాంగులు అడిగే ప్రశ్నను దాటేసి వెళ్లలేం. అమెరికాలో డౌన్ సిండ్రోమ్ ఉన్నవారి ఆయుర్దాయం 1983లో పాతికేళ్లు, ఇప్పుడు 60 దరిదాపుల్లో ఉంది. నిర్ణయానికి ముందు జెనెటిక్ కౌన్సెలింగ్‌తో పాటు, అలాంటి పిల్లల్ని పెంచుతున్న అమ్మానాన్నలతో మాట్లాడే వీలు కూడా కల్పించాలి.

ఉంచుకున్నా, వద్దనుకున్నా, 'మీ పుట్టింటివైపే ఏదో ఉంది' అన్న మాట ఆమెకు తప్పదు. డౌన్ సిండ్రోమ్ చాలావరకు వంశపారంపర్యంగా వచ్చేది కాదు. అండం, వీర్యకణం తయారయ్యేటప్పుడు యాదృచ్ఛికంగా జరిగే పొరపాటు వల్ల వస్తుంది. ఈ సంగతి డాక్టరుగారు భర్తనీ అత్తమామల్నీ కూర్చోబెట్టి చెప్పాలి.