స్టార్లు లేని బౌల్ గేమ్‌లు: ఈ పరిస్థితి ఎలా వచ్చింది

డిసెంబర్ వచ్చిందంటే అమెరికా కాలేజీ ఫుట్‌బాల్‌లో ఒకే తరహా ప్రకటనలు వరసగా వస్తుంటాయి. దేవుడికి, అమ్మానాన్నలకు, కోచ్‌లకు, తోటి ఆటగాళ్లకు కృతజ్ఞతలు. ఎన్‌ఎఫ్‌ఎల్ డ్రాఫ్ట్‌కు సిద్ధమవ్వాలి కాబట్టి బౌల్ గేమ్ ఆడటం లేదు. గంట గడిచేలోగా అభిమానులు రెండుగా చీలిపోతారు. టీమ్‌ను నడిరోడ్డు మీద వదిలేశాడని ఒకరంటే, మోకాలు విరిగితే మీరొచ్చి చూస్తారా అని ఇంకొకరు. ఏటా ఇదే గొడవ. ఆటగాళ్లను తప్పుబట్టేవాళ్ల వాదనలో నాకు నచ్చనిది ఒకటుంది. బౌల్ గేమ్ అనాదిగా పవిత్రమైనదని, ఈ తరం కుర్రాళ్లే దాన్ని పాడుచేశారని వాళ్లు మాట్లాడతారు. చరిత్ర చూస్తే అలా లేదు.

ముందు ఈ ఆట గురించి తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. ఇక్కడ ఫుట్‌బాల్ అంటే హెల్మెట్లు పెట్టుకుని, బంతిని చేత్తో పట్టుకుని పరిగెత్తే అమెరికన్ ఆట. కాలేజీ జట్లు శరదృతువులో సుమారు 12 మ్యాచ్‌లు ఆడతాయి. కనీసం 6 గెలిస్తే, సీజన్ అయిపోయాక డిసెంబర్, జనవరిల్లో జరిగే బౌల్ గేమ్‌కు పిలుపు రావచ్చు. ఇలాంటి బౌల్స్ ఇప్పుడు 40 దాకా ఉన్నాయి. ఇక డ్రాఫ్ట్ అంటే ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్‌లోని 32 జట్లు ఏప్రిల్ చివర్లో 7 రౌండ్లలో కొత్త ఆటగాళ్లను ఎంచుకోవడం. ఎంత ముందు పేరు పిలిస్తే అంత డబ్బు.

మొదటి బౌల్ గేమ్ పుట్టింది పండగ కోసం. కాలిఫోర్నియాలోని పాసడీనాలో కొత్త సంవత్సరం రోజున పూలరథాల ఊరేగింపు జరిగేది. దానికి జనాన్ని రప్పించడానికి 1902 జనవరి 1న మిషిగన్, స్టాన్‌ఫర్డ్ జట్లతో ఒక మ్యాచ్ పెట్టారు. మిషిగన్ 49-0తో ముందుండగా, ఇంకా కొన్ని నిమిషాల ఆట మిగిలి ఉండగానే స్టాన్‌ఫర్డ్ చేతులెత్తేసింది. ఇంత ఏకపక్షమైతే జనం రారనుకున్న నిర్వాహకులు ఫుట్‌బాల్‌ను పక్కనపెట్టి, కొన్నేళ్లు రోమన్ తరహా రథాల పందేలు నడిపారు. ఫుట్‌బాల్ మళ్లీ వచ్చింది 1916లోనే. అదే తర్వాత రోజ్ బౌల్ అయింది. 1930లలో, ఆర్థిక మాంద్యం రోజుల్లో, మయామీలో ఆరెంజ్ బౌల్, న్యూ ఆర్లీన్స్‌లో షుగర్ బౌల్, ఎల్ పాసోలో సన్ బౌల్, డాలస్‌లో కాటన్ బౌల్ పుట్టాయి. చలికాలంలో కూడా ఎండ కాసే ఊళ్లు ఇవన్నీ. హోటళ్లు నిండాలి, ఊరికి నాలుగు డబ్బులు రావాలి.

దశాబ్దాల తరబడి బౌల్ ఫలితాన్ని ఆట పెద్దలే పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. జాతీయ విజేతను తేల్చే ఏపీ (అసోసియేటెడ్ ప్రెస్ వార్తాసంస్థ) పోల్, అంటే విలేకరుల ఓటింగ్, 1960ల దాకా బౌల్స్‌కు ముందే ముగిసిపోయేది. 1950 సీజన్‌లో ఓక్లహోమా షుగర్ బౌల్‌లో కెంటకీ చేతిలో 13-7తో ఓడింది. అయినా చాంపియన్ ఓక్లహోమానే, ఎందుకంటే ఓట్లు అప్పటికే పడిపోయాయి. బౌల్ గేమ్‌లో పరిగెత్తిన గజాలు, విసిరిన పాస్‌లు ఆటగాడి అధికారిక గణాంకాల్లో చేరడం మొదలైంది 2002 సీజన్ నుంచే. నోటర్‌డామ్ లాంటి పేరున్న యూనివర్సిటీ 1925 జనవరిలో రోజ్ బౌల్ ఆడాక చదువు దెబ్బతింటుందన్న కారణం చెప్పి 40 ఏళ్లకు పైగా ఏ బౌల్‌కూ వెళ్లలేదు. మళ్లీ ఆడింది 1970 జనవరి 1న, కాటన్ బౌల్‌లో. అన్నేళ్లలో ఆ సంస్థను ఎవరూ పిరికిదనలేదు. వద్దనుకునే హక్కు సంస్థకు ఉందని అందరూ ఒప్పుకున్నారు.

మరి ఆటగాళ్లు అప్పట్లో ఎందుకు మానలేదు? మానితే కలిసొచ్చేది తక్కువ. 1990 దాకా మూడో ఏడాది ఆటగాళ్లకు డ్రాఫ్ట్‌లోకి నేరుగా దారి లేదు. ఆ ఏడాదే ఎన్‌ఎఫ్‌ఎల్ ఆ తలుపు తెరిచింది. తర్వాత టీవీ డబ్బుతో పాటు జీతాలూ పెరిగాయి. 2010 డ్రాఫ్ట్‌లో మొదటి పిక్ (ఎంపిక) శామ్ బ్రాడ్‌ఫర్డ్‌కు 6 ఏళ్లకు 7.8 కోట్ల డాలర్ల ఒప్పందం, అందులో 5 కోట్లు గ్యారంటీ. 2011లో లీగ్‌కు, ఆటగాళ్ల సంఘానికి కుదిరిన ఒప్పందంతో కొత్తవాళ్ల జీతాలకు కళ్లెం పడింది. ఆ ఏడాది మొదటి పిక్ కామ్ న్యూటన్‌కు వచ్చింది 4 ఏళ్లకు సుమారు 2.2 కోట్లు. జీతం తగ్గింది కాబట్టి ఆశ తగ్గాలి కదా అనిపిస్తుంది. జరిగింది వేరు. ఏ స్థానంలో ఎంపికైతే ఎంత వస్తుందో ఇప్పుడు దాదాపు ముందే తెలిసిపోతుంది. పది స్థానాలు కిందికి జారితే ఎంత పోతుందో ఏజెంట్ కాగితం మీద వేసి చూపించగలడు. రిస్క్‌కు ఒక అంకె వచ్చింది.

గాయాలు మాత్రం కొత్త కాదు. 2003 జనవరి 3న ఫియెస్టా బౌల్‌లో మయామీ యూనివర్సిటీ రన్నింగ్ బ్యాక్ (బంతి పట్టుకుని పరిగెత్తే ఆటగాడు) విల్లిస్ మెక్‌గాహీ మోకాలు వెనక్కి వంగిపోయిన దృశ్యం చూసినవాళ్లు ఇప్పటికీ మర్చిపోరు. మూడు లిగమెంట్లు తెగాయి. అయినా బఫలో జట్టు అతణ్ని 23వ పిక్‌గా తీసుకుంది. పైగా అది జాతీయ చాంపియన్‌షిప్ మ్యాచ్. అలాంటిది మానాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

అందరి ఆలోచననూ మార్చింది 2016 జనవరి 1. మళ్లీ ఫియెస్టా బౌల్, అరిజోనాలో. నోటర్‌డామ్, ఒహాయో స్టేట్ తలపడ్డాయి. రెండూ చాంపియన్‌ను తేల్చే ప్లేఆఫ్‌కు చేరని జట్లే; గెలిస్తే ట్రోఫీ తప్ప పైమెట్టు లేదు. నోటర్‌డామ్ డిఫెన్స్‌లో లైన్‌బ్యాకర్‌గా ఆడే జేలన్ స్మిత్ ఆ డ్రాఫ్ట్‌లో మొదటి ఐదుగురిలో ఉంటాడని అంచనా. మొదటి క్వార్టర్‌లోనే, బంతి దగ్గర పని దాదాపు అయిపోయిన క్షణంలో, ఎదుటి జట్టు ఆటగాడు తోశాడు. స్మిత్ ఎడమ కాలు నేలకు తగిలి మోకాలు వంకర తిరిగింది. రెండు లిగమెంట్లతో పాటు పాదాన్ని పైకెత్తే నరం కూడా దెబ్బతింది. లిగమెంట్ తెగితే కుట్టొచ్చు. నరం ఎప్పుడు కోలుకుంటుందో, అసలు కోలుకుంటుందో లేదో ఏ డాక్టరూ చెప్పలేడు. చాలా జట్లు అతణ్ని జాబితాలోంచి తీసేశాయి.

ఆ మ్యాచ్‌లోనే ఎదుటివైపు ఒహాయో స్టేట్ రన్నింగ్ బ్యాక్ ఎజెకియెల్ ఎలియట్ నాలుగు టచ్‌డౌన్‌లు చేశాడు. నాలుగు నెలల తర్వాత డ్రాఫ్ట్‌లో డాలస్ కౌబాయ్స్ ఎలియట్‌ను 4వ పిక్‌గా తీసుకుంది. రెండో రౌండ్‌లో, 34వ పిక్‌గా, అదే డాలస్ స్మిత్‌ను కూడా తీసుకుంది. స్మిత్‌కు ఆపరేషన్ చేసింది కౌబాయ్స్ టీమ్ సర్జనే కాబట్టి ఆ జట్టు ధైర్యం చేసింది. ఎలియట్ ఒప్పందం సుమారు 2.5 కోట్ల డాలర్లు, మొత్తం గ్యారంటీ. స్మిత్‌ది సుమారు 65 లక్షలు. ఒకే మ్యాచ్ ఆడారు, ఒకే ఏడాది ఒకే జట్టులో చేరారు. వాళ్లిద్దరి మధ్య తేడా మోకాలిదే. స్మిత్ తీసుకున్న బీమా నుంచి సుమారు 9 లక్షల డాలర్లు వచ్చాయని అప్పట్లో వార్తలొచ్చాయి. ఏ లెక్కన చూసినా అది పోయిన డబ్బుకు దరిదాపుల్లో లేదు.

ఆ డిసెంబర్‌లోనే కట్ట తెగింది. ఎల్‌ఎస్‌యూ (లూసియానా స్టేట్ యూనివర్సిటీ) రన్నింగ్ బ్యాక్ లెనర్డ్ ఫోర్నెట్, సీజనంతా చీలమండ నొప్పితో లాగినవాడు, సిట్రస్ బౌల్ ఆడనన్నాడు. కొద్ది రోజులకే స్టాన్‌ఫర్డ్ నుంచి క్రిస్టియన్ మెకాఫ్రీ సన్ బౌల్‌కు దూరమన్నాడు. టీవీ స్టూడియోల్లో, రేడియోల్లో దుమ్మెత్తిపోశారు. అప్పటికి డాలస్‌లో ఆడుతున్న ఎలియట్ కూడా, కాలేజీ జెర్సీలో ఇంకొక్క మ్యాచ్ దొరికితే ఏమైనా ఇస్తానన్నాడు. స్మిత్ సైతం తనకు జరిగిందంతా తెలిసి కూడా మళ్లీ ఆడతానన్నాడు. ఆ మాటలు గుండెల్లోంచి వచ్చినవే. సహచరుల మీద ప్రేమ నటన కాదు, దాన్ని తక్కువ చేయడానికి నాకు మనసొప్పదు. కానీ ఆ ప్రేమను వాళ్ల దగ్గర నుంచి డిమాండ్ చేసే హక్కు మనకెక్కడిది? 2017 ఏప్రిల్‌లో ఫోర్నెట్ 4వ పిక్, మెకాఫ్రీ 8వ పిక్. అదే సీజన్‌లో ఆరెంజ్ బౌల్ ఆడిన మిషిగన్ టైట్ ఎండ్ జేక్ బట్ మోకాలి లిగమెంట్ తెగి, ఐదో రౌండ్‌లో 145వ స్థానానికి జారిపోయాడు. ఇక ఏ ఏజెంట్‌కూ వేరే ఉదాహరణ అక్కర్లేకపోయింది.

2020లో కరోనా సమయంలో జమార్ చేజ్, పెనే సూయెల్, మైకా పార్సన్స్ ఒక్క మ్యాచ్ కాదు, మొత్తం సీజనే ఆడలేదు. ముగ్గురూ మొదటి 12 పిక్స్‌లో వెళ్లారు. ఆడకపోతే విలువ తగ్గుతుందన్న భయం అక్కడితో పోయింది.

ఈలోగా కోచ్‌లేం చేశారు? 2009లో సిన్సినాటి సీజనంతా అజేయంగా నిలిచి షుగర్ బౌల్‌కు చేరింది. మ్యాచ్‌కు ముందే కోచ్ బ్రయాన్ కెల్లీ నోటర్‌డామ్ ఉద్యోగానికి వెళ్లిపోయాడు. కుర్రాళ్లు ఆయన లేకుండా ఆడి ఫ్లోరిడా చేతిలో 51-24తో ఓడారు. స్మిత్ మోకాలు విరిగిన రోజు నోటర్‌డామ్ కోచ్ ఆయనే. 2021 నవంబర్ చివర్లో నోటర్‌డామ్‌ను కూడా బౌల్‌కు ముందే వదిలి ఎల్‌ఎస్‌యూకి వెళ్లాడు. కోచ్ కెరీర్ చూసుకుంటే అది వృత్తి, ఇరవై రెండేళ్ల కుర్రాడు చూసుకుంటే ద్రోహమా? ఆ రోజుల్లో ఆటగాడికి బౌల్ నుంచి అందేది జీతం కాదు, 550 డాలర్లు మించకూడదని నిబంధన ఉన్న కానుకల సంచి. హెడ్‌ఫోన్లు, వాచీ, టోపీ లాంటివి.

2022 జనవరి 1 ఉదయం ఈఎస్‌పీఎన్‌లో కామెంటేటర్ కర్క్ హెర్బ్‌స్ట్రీట్, ఈ తరానికి ఆట మీద ప్రేమ లేదన్నట్టు మాట్లాడాడు. తర్వాత అందరినీ ఉద్దేశించి అనలేదని సర్దిచెప్పుకున్నాడు. ఆ రాత్రే షుగర్ బౌల్‌లో, మానొచ్చని తెలిసీ ఆడిన ఓల్ మిస్ (మిసిసిపీ యూనివర్సిటీ) క్వార్టర్‌బ్యాక్, అంటే పాస్‌లు విసిరి దాడి నడిపే ఆటగాడు, మాట్ కోరల్ చీలమండ గాయంతో మైదానం వదిలాడు. డ్రాఫ్ట్‌లో 94వ పిక్ అయ్యాడు. దానికి గాయం ఒక్కటే కారణమని చెప్పలేం గానీ, టెన్షన్ ఎందుకుంటుందో అర్థమవుతుంది.

అదే రోజు రోజ్ బౌల్‌లో మరో సంగతి కనిపించింది. ఒహాయో స్టేట్ నుంచి గారెట్ విల్సన్, క్రిస్ ఒలావే ఆడలేదు. ఆ ఖాళీలో జాక్సన్ స్మిత్-ఎన్‌జిగ్బా 15 క్యాచ్‌లతో 347 గజాలు సాధించాడు. జట్టు యూటాపై 48-45తో గెలిచింది. 2016లో మెకాఫ్రీ స్థానంలో సన్ బౌల్ ఆడిన బ్రైస్ లవ్ మరుసటి ఏడాది, మేటి కాలేజీ ఆటగాడికిచ్చే హైస్మన్ ట్రోఫీ ఓటింగ్‌లో రెండో స్థానంలో నిలిచాడు. అయితే డ్రాఫ్ట్‌కు వెళ్లకుండా ఇంకో ఏడాది కాలేజీలోనే ఉండిపోయిన లవ్, 2018లో మోకాలి గాయంతో నాలుగో రౌండ్‌కు పడిపోయాడు. బౌల్‌లో కాదు, మామూలు సీజన్ చివరి మ్యాచ్‌లో.

బౌల్స్ విలువను నిజంగా కిందికి దించింది నిర్వాహకులే అని నా అభిప్రాయం. 1998లో బీసీఎస్ (బౌల్ చాంపియన్‌షిప్ సిరీస్) పద్ధతి వచ్చి ఒక్క మ్యాచ్‌కే చాంపియన్‌షిప్ కట్టబెట్టింది. 2014 సీజన్ నుంచి నాలుగు జట్ల ప్లేఆఫ్, 2024 నుంచి 12 జట్లది. సెప్టెంబర్ నుంచి టీవీలో ఒకటే చర్చ: ప్లేఆఫ్‌లో ఎవరుంటారు? మిగతా బౌల్స్ లెక్కలోకి రావని మూడు నెలలు చెప్పి, డిసెంబర్‌లో మాత్రం ప్రాణం పెట్టి ఆడమంటే ఎలా? ప్లేఆఫ్ మ్యాచ్‌ను డ్రాఫ్ట్ కోసం మానేసే స్టార్లు దాదాపు కనిపించరు. కుర్రాళ్లకు ఆట మీద ప్రేమ లేదన్న మాటకు ఇంతకంటే సూటి జవాబు ఉండదు.

దీని పరాకాష్ఠ 2023 డిసెంబర్ 30 ఆరెంజ్ బౌల్. 13 మ్యాచ్‌లూ గెలిచిన ఫ్లోరిడా స్టేట్‌ను, క్వార్టర్‌బ్యాక్ గాయపడ్డాడన్న కారణంతో ప్లేఆఫ్ కమిటీ పక్కనపెట్టింది. మనసు విరిగిన జట్టులోంచి రెండు డజన్ల మంది దాకా ఆడలేదు. జార్జియా 63-3తో గెలిచింది. బౌల్ చరిత్రలో అంతకు మించిన తేడా లేదు. ఆ రోజు మిగిలినవాళ్లతో మైదానంలో దిగిన ఫ్లోరిడా స్టేట్ కుర్రాళ్లను తలుచుకుంటే నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది.

అప్పటికి డ్రాఫ్ట్ ఒక్కటే కారణం కాదు. 2018లో వచ్చిన ట్రాన్స్‌ఫర్ పోర్టల్ (కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా), 2021లో ఏడాది పాటు ఆటకు దూరంగా ఉండకుండానే కాలేజీ మారి ఆడే వీలు, అదే ఏడాది జులై 1 నుంచి ఆటగాళ్లు తమ పేరు, ముఖం మీద డబ్బు సంపాదించుకునే అనుమతి, ఇవన్నీ కలిశాయి. 2024 దాకా పోర్టల్ తెరుచుకున్నది కూడా సరిగ్గా బౌల్స్ ముందే. 2024లో పెన్ స్టేట్ రెండో క్వార్టర్‌బ్యాక్ బో ప్రిబులా ప్లేఆఫ్ ముంగిట్లోనే జట్టు వదలాల్సి వచ్చింది. ఆగితే కొత్త చోటు దొరకదు. అదే నెలలో కొలరాడో ఇంకో దారి చూపింది. తన స్టార్లు ట్రావిస్ హంటర్, షెదూర్ శాండర్స్‌లకు భారీ బీమా చేయించి ఆలమో బౌల్ ఆడించింది. బీవైయూ (బ్రిగమ్ యంగ్ యూనివర్సిటీ) చేతిలో 36-14తో ఓడినా ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. 2025 జూన్‌లో కోర్టు ఆమోదించిన ఒప్పందంతో యూనివర్సిటీలు ఆటగాళ్లకు నేరుగా డబ్బు ఇవ్వొచ్చు, తొలి ఏడాది ఒక్కో కాలేజీకి సుమారు 2 కోట్ల డాలర్ల దాకా. డబ్బిస్తున్నారు కాబట్టి బౌల్ ఆడాలని ఒప్పందంలో రాయించుకోవడం ఇప్పుడు న్యాయమే. అడిగేదానికి ధర కట్టాక అడగొచ్చు.

ఇంతలో సంస్థలే తప్పుకోవడం మొదలైంది. 2025 డిసెంబర్‌లో 10-2 రికార్డు ఉన్న నోటర్‌డామ్‌కు 12 జట్ల ప్లేఆఫ్‌లో చోటు రాలేదు. అదే రోజు బౌల్ ఆడబోమని జట్టు మొత్తం ప్రకటించింది. కోచ్‌లు మారుతున్న అయోవా స్టేట్, కాన్సాస్ స్టేట్ కూడా వద్దన్నాయి. ఆ జట్లున్న బిగ్ 12 కాన్ఫరెన్స్ (కాలేజీల కూటమి) ఆ రెండింటికీ చెరో 5 లక్షల డాలర్ల జరిమానా వేసింది. ఫుట్‌బాల్‌లో ఏ కాన్ఫరెన్స్‌లోనూ లేని నోటర్‌డామ్‌కు జరిమానా వేసేవాళ్లు లేరు.