గ్రీన్‌లాండ్ మంచు ఎంత పోయింది? అపోహలు - వాస్తవాలు

ఏటా జులై వచ్చేసరికి గ్రీన్‌లాండ్ మ్యాపులు ఫోన్లలో తిరగడం మొదలవుతుంది. "మంచంతా కరిగిపోయింది" అని ఒకరు పంపితే, "నిరుటి కంటే మంచు పెరిగింది, చూడండి" అని ఇంకొకరు గ్రాఫు పెడతారు. చాలాసార్లు ఇద్దరి అంకెలూ సరైనవే. ఏ అంకె దేన్ని కొలిచిందో చూడకపోవడంతోనే చిక్కంతా.

అపోహ: 97 శాతం కరిగిందంటే అంత మంచు పోయినట్టే.

వాస్తవం: అది విస్తీర్ణం లెక్క. 2012 జులై 12 నాటికి గ్రీన్‌లాండ్ మంచు పలక ఉపరితలంలో దాదాపు 97 శాతం మీద కరుగుదల కనిపించింది. దాన్ని పట్టుకునేది ఉపగ్రహాల్లోని మైక్రోవేవ్ రేడియోమీటర్లు. పొడి మంచులో కాస్త నీరు చేరినా చాలు, దాని నుంచి వచ్చే మైక్రోవేవ్ వికిరణం ఒక్కసారిగా పెరుగుతుంది. అప్పుడు 25 కిలోమీటర్ల గడి మొత్తం "కరిగింది" అని నమోదవుతుంది. తడి పైపొరలోనే ఉందా, లోతుకు దిగిందా అన్నది ఆ గడి చెప్పదు. పలక నడిమధ్యన మంచు మందం 3 కిలోమీటర్లు దాటుతుందని గుర్తుంచుకోవాలి.

పైగా కరిగిన నీరంతా సముద్రం చేరదు. ఎత్తైన ప్రాంతాల్లో పైన ఉండేది ఫిర్న్, అంటే ఏళ్ల తరబడి కురిసిన మంచు ఒత్తుకుపోతూ ఇంకా గాలి గుల్లలు మిగిలి ఉన్న పొర. తొలకరి వాన బీటలువారిన చేలో ఇంకినట్టు కరిగిన నీరు అందులోకి ఇంకి, లోపలి చలికి మళ్లీ గడ్డకడుతుంది.

"మళ్లీ గడ్డకట్టింది కదా, నష్టమేముంది" అనుకుంటే అదీ పొరపాటే. కిలో నీరు గడ్డకట్టేటప్పుడు 334 కిలోజౌళ్ల వేడి వదులుతుంది, దాంతో ఫిర్న్ వేడెక్కుతుంది. గుల్లలు కూడా నిండిపోతాయి. ఇది ఏటా జరిగేచోట మీటర్ల మందాన గట్టి మంచు దిమ్మెలు ఏర్పడతాయి. తర్వాతి వేసవుల్లో కరిగిన నీటిని అవి కిందికి దిగనివ్వక పక్కకు, సముద్రం వైపు పారిస్తాయి. ఒక వేసవి చేసిన నష్టం అలా కొన్నేళ్ల తర్వాత గానీ లెక్కలోకి రాదు. ఈ పనిలో ఉన్నవాళ్లను ఎక్కువగా కలవరపెట్టేది ఇదే.

అపోహ: ఉపరితల లెక్క ప్లస్‌లో ఉంది కాబట్టి మంచు పెరుగుతోంది.

వాస్తవం: మంచు లెక్కల ఏడాది సెప్టెంబరు 1న మొదలై ఆగస్టు 31న ముగుస్తుంది. కురిసిన మంచులోంచి పారిపోయిన నీటినీ ఆవిరైనదాన్నీ తీసేస్తే వచ్చేది ఉపరితల లెక్క. అది దాదాపు ఎప్పుడూ ప్లస్‌లోనే ఉంటుంది. 1981-2010 సగటు 370 గిగాటన్నుల చుట్టూ ఉంది. ఒక గిగాటన్ను అంటే 100 కోట్ల టన్నులు, ఒక ఘన కిలోమీటరు నీరు. హిమానీనదాలు ఫ్యోర్డుల్లోకి (కొండల నడుమ లోపలికి చొచ్చుకొచ్చిన ఇరుకైన సముద్రపు పాయల్లోకి) జారి మంచుకొండలుగా విరిగిపడేదీ, సముద్రపు నీటిలో మునిగిన అంచుల దగ్గర కరిగేదీ ఈ లెక్కలో ఉండవు. ఆ రెండూ కలిసి ఇటీవలి ఏళ్లలో 500 గిగాటన్నులకు అటూ ఇటూగా ఉంటున్నాయి. అది కూడా తీసేస్తేనే అసలు లాభనష్టాలు తేలతాయి.

2016 అక్టోబరులో నికోల్ తుపాను అవశేషాలు తూర్పు గ్రీన్‌లాండ్‌పై భారీగా మంచు కురిపించాయి. ఆ ఏడు ఉపరితల లెక్క 540 గిగాటన్నులు దాటినా మొత్తం మీద పలక ఇంచుమించు సమంగా నిలిచిందంతే. అదే 2018-19లో ఉపరితల లెక్క సుమారు 169 గిగాటన్నులు. అదీ ప్లస్సే, కానీ 2019 క్యాలెండరు ఏడాదిలో పలక కోల్పోయింది 532 గిగాటన్నులు. రెండు సంస్థల అంకెలు కలవకపోతే ముందు చూడాల్సింది ఏడాది ఏ నెలలో మొదలైందో, హిమానీనదాల వాటా చేర్చారో లేదో.

అపోహ: కరుగుదల గాలి ఉష్ణోగ్రతను బట్టే ఉంటుంది.

వాస్తవం: ఎండ వాటా చాలా పెద్దది. తాజా మంచు ఎండలో 80-90 శాతం తిప్పికొడుతుంది. ఆ పొర పోయి బయటపడ్డ పాత మంచు సగమో, అంతకన్నా తక్కువో తిప్పికొడుతుంది. నైరుతి అంచున దుమ్ము, శైవలాలు చేరిన నల్లటి పట్టీ మరీ ఎక్కువ ఎండను పీల్చుకుంటుంది. అందుకే జూన్‌లో ఒక మంచి హిమపాతం పడితే కరుగుదల కొన్ని రోజులు వెనక్కి తగ్గుతుంది.

అపోహ: ఉపగ్రహాలున్నాయి కదా, తూకం వేసినంత కచ్చితంగా తెలిసిపోతుంది.

వాస్తవం: పద్ధతులు మూడు, ప్రతిదానికీ ఒక బలహీనత ఉంది.

గ్రేస్ జంట ఉపగ్రహాలు 2002 మార్చిలో వెళ్లాయి. ఒకదాని వెనక ఒకటి సుమారు 220 కిలోమీటర్ల ఎడంతో తిరుగుతూ, ఆ ఎడంలో మైక్రాన్ల స్థాయి మార్పును బట్టి కింది గురుత్వాకర్షణను, దాన్నుంచి మంచు బరువును లెక్కగట్టేవి. అయితే మంచుయుగం నాటి బరువు తగ్గి ఇప్పటికీ పైకి లేస్తున్న భూమి కూడా ఆ సంకేతంలో కలిసే వస్తుంది. దాన్ని నమూనాతో తీసేయాలి. దాదాపు 300 కిలోమీటర్ల కంటే చిన్న ప్రాంతాన్ని ఇవి విడదీయలేవు. పైగా 2017 మధ్య నుంచి 2018 మధ్య దాకా, వాటి వారసులైన గ్రేస్-ఎఫ్ఓ ఉపగ్రహాలు వచ్చే వరకు, రికార్డులో ఖాళీ ఉంది.

ఎత్తు కొలిచే ఉపగ్రహాలది ఇంకో చిక్కు: సాంద్రత. ఉపరితలం 10 సెంటీమీటర్లు దిగిందనుకుందాం. అది గట్టి మంచైతే చదరపు మీటరుకు 92 కిలోలు పోయినట్టు. ఘన మీటరుకు 350 కిలోల సాంద్రత ఉన్న మంచైతే 35 కిలోలే. ఫిర్న్ అణిగిపోవడం వల్ల దిగితే పోయిన బరువు సున్నా. రాడార్‌కు మరో తిప్పలు: పొడి మంచులోకి అది చొచ్చుకుపోతుంది. 2012 కరుగుదల మళ్లీ గడ్డకట్టి పైన గట్టి పొర ఏర్పడగానే రాడార్‌తో ఎత్తు కొలిచే క్రయోశాట్-2 ఉపగ్రహం సంకేతం అక్కడి నుంచే వెనక్కి వచ్చింది. నిజంగా ఎత్తు పెరగకపోయినా అర మీటరు పైచిలుకు పెరిగినట్టు కనిపించింది.

మూడోది రాబడి-పోబడి పద్ధతి, అంటే ఉపరితల లెక్కలోంచి హిమానీనదాలు సముద్రంలోకి మోసుకుపోయేదాన్ని తీసేయడం. దానిలో రెండు పెద్ద అంకెల తేడా తీయాలి కాబట్టి, హిమానీనదం మందంలో చిన్న పొరపాటున్నా ఫలితం బాగా మారిపోతుంది.

ఈ మూడింటినీ కలిపి చూసిన ఇంబీ అనే అంతర్జాతీయ శాస్త్రవేత్తల బృందం 1992-2018 మధ్య గ్రీన్‌లాండ్ నష్టాన్ని సుమారు 3,900 గిగాటన్నులుగా తేల్చింది. సముద్రమట్టంలో అది 10.8 మిల్లీమీటర్లు.

అపోహ: మంచు మీద కొలిస్తే తప్పే రాదు.

వాస్తవం: గ్రీన్‌లాండ్ మంచు మీద నిలిపిన ప్రామిస్ స్వయంచాలక వాతావరణ కేంద్రాలు 2007 నుంచి పనిచేస్తున్నాయి. అల్ట్రాసోనిక్ సెన్సరు మంచు ఎత్తును ధ్వని వేగంతో కొలుస్తుంది. చలిలో ఆ వేగం తగ్గుతుంది. మైనస్ 20 డిగ్రీల దగ్గర సవరణ చేయకపోతే 2.5 మీటర్ల దూరంలో 9 సెంటీమీటర్ల తప్పు వస్తుంది. కింద మంచు కరిగేకొద్దీ స్టాండు ఒరుగుతుంది, దానితోపాటు ఎండ కొలిచే సెన్సరూ వంగుతుంది. వంపు నమోదు చేయని డేటాతో ఆల్బెడో, అంటే మంచు ఎండలో ఎంత వాటా తిప్పికొడుతుందో, లెక్కగట్టకూడదు.

అపోహ: గ్రీన్‌లాండ్ కరిగితే అక్కడి తీరాలే ముందు మునుగుతాయి.

వాస్తవం: అంత పెద్ద మంచు తన ఆకర్షణతో సముద్రాన్ని తనవైపు లాక్కుంటుంది. మంచు తగ్గితే ఆ పట్టు సడలి, దగ్గర్లో నీటిమట్టం పడిపోతుంది, దూరాన పెరుగుతుంది. బంగాళాఖాతం ఆ దూరపు వైపే ఉంది. ప్రతి 360 గిగాటన్నులకు సగటున ఒక మిల్లీమీటరు చొప్పున లెక్కేసుకుంటే, విశాఖకూ దాదాపు ఆ వాటా పూర్తిగా వస్తుంది. కృష్ణా, గోదావరి డెల్టాల్లో నేల కుంగిపోవడాన్ని దానికి వేరుగా కలుపుకోవాలి.